అరువు మేక

ఇల్లు అద్దెకు అడగబోతే
నక్కలగుట్ట ఓనరమ్మ మొదటి ప్రశ్న:
"సర్కారు నౌకరా?"
కాదన్నాను.
"మరి ప్రైవేటా?"
అదీ కాదన్నాను.
ఆమె కాసేపు నా చెప్పుల వైపు చూసింది.
"గా రెండిటి నడుమ ఇంకేముంటది బిడ్డా?"
పదకొండేళ్ళయింది.
ఆ నడుమనే కాపురముంటున్నాను.

మెడికల్ షాపు మీద రెండో అంతస్తు మా ఆఫీసు.
మా పైన హైదరాబాదు, దాని పైన ఢిల్లీ,
దాని పైన ఏముందో నేను చూడలేదు.
అక్కడ పగలైనప్పుడు
ఇక్కడ అర్ధరాత్రి మెయిళ్ళు పడతాయి.
ఆకలికి అక్కడ వేరే పేరు, అప్పుకు వేరే పేరు.
ఆ పేర్లు నేర్వడానికి మూడేళ్ళు పట్టింది.
వాటిని మరిచిపోవడానికి
రోజూ రేగొండ బస్సులో కిటికీ పక్క సీటు కావాలి.

కొలిపాక ఓదెమ్మకు మూడు మేకలిచ్చాం.
ఒకటి వానాకాలం మొదట్లో పారుడు రోగంతో పోయింది.
ఒకటి, బిడ్డ పురిటికి పరకాల దవాఖాన దాకా
కారు కిరాయి అయింది.
మూడోదాన్ని కుక్కలు పట్టినయి.
ఫారంలో నేను "మూడు" అని రాశాను,
ఎన్ని ఇచ్చారనే అడిగారు కనుక.
అబద్ధమేం కాదు.
అబద్ధం కానివాటి మీద
అప్పటికింకా నాకు నమ్మకముండేది.

ఫిబ్రవరిలో దాతలొచ్చారు.
కాజీపేటలో రైలు దిగి, రెండు కార్లలో,
ఎండ టోపీలతో. మంచి మనుషులు.
నిజంగానే మంచి మనుషులు, అదే కష్టం.
ఒకావిడ ఓదెమ్మ చెయ్యి పట్టుకుని
చాలాసేపు వదల్లేదు,
ఆ చేతికి మిరప ఘాటు ఉందని
కళ్ళు తుడుచుకున్నాక గాని తెలుసుకోలేదు.
మేకలేవి, అని ఎవరో అడిగారు.
నా గొంతులో పత్తి గింజ అడ్డం పడ్డట్టయింది.

ఓదెమ్మ లేచింది.
పక్కింటి దడి సందులోంచి దూరి
ఒక నల్ల మేకను తాడు పట్టి లాక్కొచ్చింది.
"గిదే మేడం. దీని పేరు బంగారి.
కడమయి మేతకు పోయినయి."
మేకకు ఆమె ఎవరో తెలియదు.
నాలుగు కాళ్ళు నేలకు తన్నిపెట్టి
వెనక్కి గుంజుతోంది.
ఫొటోలో ఆ గుంజులాట గారాబంలా పడింది.

ఆ ఏడు వార్షిక నివేదిక అట్ట మీద, బంగారి.

సాయంత్రం ఒక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను.
ఎందుకట్ల చేసినవ్ అవ్వా, అన్నాను.
ఎర్రటి కుప్ప ముందు కూర్చుని
మిరపకాయల తొడిమెలు తుంచుతూ
తలెత్తకుండానే చెప్పింది:
"నీ మొఖం సూసిన బిడ్డా.
మేక కనవడకపోతే
నీ నౌకరి పోతదేమో అనుకున్న."

పేదల గౌరవం మీద మాకు
మూడు రోజుల శిక్షణ ఇచ్చారొకసారి,
పెద్ద హోటల్లో. ఏసీ చలికి
చున్నీ తల మీదుగా కప్పుకుని రాసుకున్న నోట్సు
ఇంకా ఎక్కడో ఉంది.
ఆ రాత్రి దాని కోసం వెతకలేదు.
ట్యాబ్‌లో లబ్ధిదారుల జాబితా తెరిచి
పై నుంచి కింది దాకా జరుపుతూ పోయాను,
ఎక్కడో నా పేరు కూడా ఉంటుందని.

తర్వాత మేకల పథకం ఆగింది.
ఇప్పుడు వాతావరణం నడుస్తోంది.
నా కాంట్రాక్టు మార్చి దాకా,
ఎప్పుడూ మార్చి దాకానే.
పక్కింటి మొండయ్య కనబడ్డప్పుడల్లా
బీడీ ఆర్పి మరీ అడుగుతాడు,
"మా మేక బొమ్మ అచ్చయిందట గద మేడం,
దానికేమన్న వస్తదా?"
ఆ మేక మరుసటేడే మేడారం పోయింది,
అతని పెద్దకొడుకు మొక్కు కింద.

చెయ్యి పట్టుకున్న ఆవిడ మాత్రం మరిచిపోలేదు.
ఏడాదికోసారి రాస్తుంది: బంగారి ఎలా ఉంది?
మొన్న ఆ ఉత్తరం ఓదెమ్మకు చదివి వినిపించాను.
చాలాసేపు ఆలోచించింది,
తన ఇంటి లెక్కకు కూడా అంతసేపు ఆలోచించదు.
"రెండు పిల్లల్ని పెట్టిందని రాయి" అంది.
"పాపం, ఆమె గంత దూరాన
ఒక్కతే ఉంటదేమో."